అరవై దాటాక కుమ్మరి సారె ముందు కూర్చోవచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 61, బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై ఏడాది. కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి, మోకాళ్లు అంతంత మాత్రం, ఉండేది మూడో అంతస్తు ఫ్లాటు. ఒకరోజు కుండల వర్క్‌షాపుకు వెళ్తే నేర్పే అబ్బాయి మీ చేతుల మీద చేతులు వేసి గిన్నె చేయించాడు, అతను చేతులు తీయగానే కూలిపోయింది. ఇంటికొస్తే పిల్లలు "ఈ వయసులో మట్టిలో ఎందుకమ్మా" అన్నారు. ఇప్పుడు నేర్చుకోగలనా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంట్లో కుదురుతుందా, ఎడమచేతి వాటం ఇబ్బంది అవుతుందా అని అడిగారు.

నేర్చుకోగలరు. నేను రిటైరైన ఏడాది, 58వ ఏట మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు 70. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పేదాన్ని. ఎనిమిదేళ్లుగా మా డాబా మీద రేకుల షెడ్డులో నలుగురైదుగురికి చొప్పున నేర్పుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీ వయసువాళ్లే. వయసు వల్ల మానేసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మొదటి వారమే ఇంటికి ఒక కప్పు పట్టుకెళ్లాలి, ఫోటో తీసి అమెరికాలో ఉన్న కూతురికి పంపాలి అనే తొందరతో వచ్చి, అది కుదరక మానేసినవాళ్లు మాత్రం చాలామంది. అందుకే ముందు ఆ వర్క్‌షాపు సంగతి చెబుతున్నాను. ఆ అబ్బాయి చేయించిన గిన్నె అతనిది. కూలిపోయిందే, అది మీది. దానికి బాధపడకండి, అందరికీ మొదలు అక్కడే.

నా మొదలు ఎలా ఉందో చెబుతాను. మా పెద్దమ్మాయి పెళ్లికి తెనాలి దగ్గర మా ఊళ్లో ఏ కుమ్మరి ఇంటి నుంచి ఐరేని కుండలు తెచ్చామో, ఆ ఇంటికే వెళ్లి నేర్పమని అడిగాను. ఆ పెద్దాయనకు అప్పటికే డెబ్బై దాటాయి. "పంతులమ్మగారికి ఈ పనెందుకు" అని రెండుసార్లు పంపేశారు. మూడోసారి వెళ్తే మట్టి ముద్ద చేతిలో పెట్టారు. రెండు నెలల పాటు మట్టి పిసకడం, ముద్దను సారె మధ్యలో నిలబెట్టడం, అంతే పని. ఎప్పుడైనా కాస్త గిన్నె రూపం వచ్చి నేను మురిసిపోయేలోగా, దారం పెట్టి దాన్ని నిలువునా కోసేసేవారు. ఆ రెండు ముక్కలూ నా ముందు పెట్టి కోసిన చోట వేలితో చూపించేవారు. అంచు దగ్గర అప్పడమంత పలచన, అడుగున బొటనవేలంత మందం, ఒకపక్క సన్నం, ఇంకోపక్క లావు. బయటి నుంచి ఎంతో ముద్దుగా కనిపించిన గిన్నె లోపల అలా ఉండేది. చూడటం అయ్యాక రెండు ముక్కలూ మళ్లీ కుప్పలోకే.

"ఎండినా నీళ్లు పోస్తే మళ్లీ మట్టే పంతులమ్మా. కాల్చాకే అది కుండ. కాల్చడానికి తొందరేముంది?" అనేవారు.

దీని వెనక శాస్త్రం నాకు తెలిసిందే. ఎండబెడితే పోయేది మట్టి రేణువుల మధ్య చేరిన నీరు. అది పోయినా మళ్లీ కలుస్తుంది. సుమారు 500 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మట్టి నిర్మాణంలోనే ఇమిడి ఉన్న నీరు వెళ్లిపోతుంది. ఆ గీత దాటాక ఎన్నేళ్లు నానబెట్టినా అది మట్టి కాదు, పెంకే. ఇది తరగతిలో ఏళ్ల తరబడి చెప్పాను. కానీ నేర్చుకునేవాడికి దీని విలువ ఎంతో ఆ వాకిట్లో కూర్చున్నాకే అర్థమైంది. కాల్చనంతవరకు మీరు చేసిన తప్పు ఏదీ మిగలదు, ఒక్క గుప్పెడు మట్టి కూడా వృథా కాదు. అందుకే మీకు నా మొదటి సలహా: మొదటి వంద ముద్దలు కాల్చకండి. చేయండి, తీగతో కోసి లోపల చూడండి, కుప్పలో వేయండి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఈ మాట విన్నవాళ్లే నిలబడ్డారు.

అయితే వెంటనే సారె ఎక్కమని చెప్పను. మీ బొటనవేలి నొప్పికి అది మంచిది కాదు, అవసరమూ లేదు. ముందు రెండు నెలలు చేత్తో చేసే పనులు చేయండి. నారింజకాయంత ముద్ద తీసుకుని, మధ్యలో వేలు దించి, తిప్పుతూ చిటికెలతో గోడలు లేపితే గురుగు వస్తుంది. చిన్నప్పుడు అందరం ఆడుకున్నదే. తర్వాత మట్టిని తాళ్లలా పేని, ఒకదాని మీద ఒకటి చుట్టి గోడ కట్టడం. ఆ తర్వాత అప్పడాల కర్రతో మట్టిని పలకలా ఒత్తి, ముక్కలు కోసి అతకడం. అతికే రెండు వైపులా ఫోర్కుతో గీతలు గీసి, నీళ్లలో కలిపిన చిక్కటి మట్టి పూసి నొక్కాలి. ఇది చేయకపోతే ఎండేటప్పుడు కప్పు చెవి ఊడి చేతికొస్తుంది. ప్రతి చవితికీ వినాయకుణ్ణి ఇంట్లోనే చేశానని రాశారు కదా. ఆ తొండం ఎండాక పగలకుండా అతికించడం మీకు వచ్చి ఉంటే, సగం పని తెలిసినట్టే.

బొటనవేలి గురించి ఇంకొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మన వయసులో ఎక్కువమందికి ఉన్న టెన్షన్ అదే. నొప్పి పెంచేది ముఖ్యంగా గట్టి మట్టి. దుకాణం నుంచి వచ్చిన ప్యాకెట్ మట్టి ఒక్కోసారి రాయిలా ఉంటుంది. పూరీ పిండి కంటే కాస్త మెత్తగా ఉండేదాకా నీళ్లు పట్టించండి. ముద్దను వేళ్లతో గుంజకండి, పిసికేటప్పుడు అరచేతి మడమతో, ఒళ్లు బరువుతో నెట్టండి. వంటింటి గట్టు కంటే ఓ జానెడు తక్కువ ఎత్తున్న బల్ల మీద పిసికితే భుజాల బరువు పనికొస్తుంది, మణికట్టు మీద పడదు. ఒకేసారి అరకిలోకు మించి పిసకొద్దు. అది కూడా కష్టమైతే, తీగతో ముద్దను రెండుగా కోసి ఒకదాని మీద ఒకటి గట్టిగా వేసి కొట్టండి. ఇరవైసార్లు అలా చేస్తే లోపలి గాలి పోతుంది. కోసిన చోట సూది బెజ్జాలు కనిపించనప్పుడు మట్టి సిద్ధమైనట్టు. వేలి మొదట్లో వాపు ఉన్నరోజు మాత్రం మట్టి ముట్టుకోకండి. అది నొప్పి భరించి చేసే పని కాదు. వాపు తరచుగా వస్తుంటే డాక్టరుకు చూపించి, మీరు చేస్తున్న పని ఏమిటో చెప్పి మరీ అడగండి.

మోకాళ్ల సంగతి తేలిక. ఊళ్లో సారె నేలమట్టానికి ఉంటుంది, గొంతుకు కూర్చోవాలి. ఎక్కువ కాలం నా వల్ల కాలేదు. అందుకే ఆ పెద్దాయన దగ్గర మట్టి, చేతి పని, ఆయన భార్య దగ్గర కుండ కొట్టడం నేర్చుకుని, సారె పని ఎక్కువగా ఎలక్ట్రిక్ సారె మీద సాధన చేశాను. (ఆవిడ లోపల నున్నటి రాయి ఆనించి బయట చెక్కతో కొడుతుంటే మందపాటి ముద్ద కుండ గంటలో పలచగా ఉబ్బుతుంది. నాకు ఆ చప్పుడంటే ఇప్పటికీ ఇష్టం.) ఎలక్ట్రిక్ సారెకు స్టూలు మీద కూర్చోవచ్చు. సారె కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేస్తే నిలబడి కూడా చేయవచ్చు, నడుం నొప్పి ఉన్న ఇద్దరికి నేను అలాగే పెట్టాను. సారె అవతల ఒక అద్దం నిలబెట్టుకోండి. పక్కకు వంగి గోడ చూసుకునే పని ఉండదు, మెడ బతుకుతుంది. అరగంటకోసారి లేవాల్సిందే.

సారె మీద కష్టమంతా ఒకటే: ముద్దను నడిమధ్యలో నిలబెట్టడం. మీ గిన్నె కూలిపోవడానికి కారణం కూడా అదే అయి ఉంటుంది. చాలామంది ఇది బలంతో అయ్యే పని అనుకుంటారు. మగవాళ్లు మరీను. నిజానికి కావాల్సింది కదలని చేయి. మోచేతిని తొడకో, పక్కటెముకలకో గట్టిగా ఆనించండి. అప్పుడు మీ చేయి గోడలో దిగేసిన మేకులా ఉంటుంది, తిరిగే ముద్దే సర్దుకుంటుంది. ఒక అరచేయి పక్క నుంచి నెడుతుంది, రెండోది పై నుంచి నొక్కుతుంది. రెండు చేతులూ ఒకదాన్నొకటి తాకుతూనే ఉండాలి. ముద్దను శంకువులా పైకి లేపి, మళ్లీ కిందికి అణచి, మళ్లీ లేపి, ఇలా మూడు నాలుగుసార్లు. తర్వాత కళ్లు మూసుకోండి. చేతికి కొట్టుకుంటోందా, లేక తిరుగుతోందా ఆగి ఉందా అన్నంత నిమ్మళంగా ఉందా? కంటికి నిలబడినట్టు కనిపించేది చేతికి ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది, చేతినే నమ్మండి. చేతులు తీసేటప్పుడు కూడా మెల్లగా తీయండి. ఠక్కున తీస్తే అంతసేపూ నిలబెట్టింది ఆ క్షణంలోనే పక్కకు పోతుంది. మొదట్లో అరకిలో ముద్ద చాలు. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు కూర్చుంటే ఒకటి రెండు నెలల్లో ఇది పట్టుబడుతుంది. జానెడు ఎత్తు గోడ నిటారుగా లేపడానికి ఆరు నెలలు పట్టవచ్చు. నాకు ఎనిమిది పట్టింది.

నీళ్లు తక్కువ వాడండి. జారుడు కోసం తడి కావాలి కానీ, గిన్నె అడుగున నీరు నిలిస్తే మట్టి తాగేసి చతికిలబడుతుంది. స్పాంజితో ఎప్పటికప్పుడు తీసేయాలి. అడుగును వేలితో మధ్య నుంచి అంచుకు, అంచు నుంచి మధ్యకు రెండు మూడుసార్లు అదమండి. అలా అదమని గిన్నెకు ఎండాక అడుగున పాములాంటి వంకర బీట పడుతుంది.

ఎండబెట్టడంలో నేను ఒకసారి పెద్ద తప్పు చేశాను. నేర్చుకున్న రెండో ఏడు ఒక కుండల స్టూడియో కొలిమిలో కాల్చమని పూలకుండీ ఇచ్చాను. పైకి బాగా ఎండింది. అడుగు రెండు సెంటీమీటర్ల మందం, దాని లోపల తడి మిగిలే ఉంది. నూరు డిగ్రీలు దాటాక ఆ తడి ఆవిరైంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, మట్టిలో అంత చోటెక్కడిది? కుండీ పేలి, పక్కనే ఉన్న వేరేవాళ్ల నాలుగు కప్పులు కూడా పగిలాయి. వాళ్లలో ఒకావిడ ఆ కప్పు మనవడి పుట్టినరోజుకని చేసుకుంది. ఆ రోజు ఆవిడ మొహం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి ఏ వస్తువైనా కొలిమికి ఇచ్చే ముందు బుగ్గకు ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే, ఇంకో నాలుగు రోజులు ఆగుతాను. మీరూ చూడండి, వేలికంటే బుగ్గకు బాగా తెలుస్తుంది. గోడలూ అడుగూ చిటికెన వేలి మందానికి మించకుండా చూసుకోండి. మన ఎండాకాలంలో ఫ్యాను కింద పెడితే అంచు ముందే ఎండి చీలుతుంది, మొదటి రెండు రోజులు పాలిథిన్ కవరు వదులుగా కప్పండి. వానాకాలంలో అదే గిన్నెకు పది రోజులు పట్టినా ఆశ్చర్యపోకండి. ఎండి, కాలేసరికి మట్టి మొత్తం మీద పదో వంతు దాకా కుంచించుకుపోతుంది. పది అంగుళాల పళ్లెం కావాలంటే పదకొండు అంగుళాలు చేయాలి.

ఫ్లాటులో కుదురుతుందా అంటే, చేతి పని హాయిగా కుదురుతుంది. ఒక చెక్క బల్ల, దాని మీద పాత కాన్వాస్ గుడ్డ, రెండు బకెట్లు, తీగ, స్పాంజి, పాత ఏటీఎం కార్డు ముక్క (గోడలు నున్నగా చేయడానికి దీనికి మించింది లేదు). రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఒకటి, మట్టి నీళ్లు సింకులో పోయకండి. మూడో అంతస్తు పైపులో మట్టి పేరుకుంటే అపార్ట్‌మెంట్ మొత్తం మీ తలుపు కొడుతుంది. చేతులు బకెట్లో కడగండి, రాత్రంతా వదిలేస్తే మట్టి అడుగున తేరుకుంటుంది. పైనీళ్లు మొక్కలకు, అడుగు మట్టి మళ్లీ ముద్దకు. రెండోది ఇంకా ముఖ్యం. ఎండిన మట్టిని చీపురుతో ఊడ్చకండి, చేసిన వస్తువును ఇంట్లో పొడిగా గరుకు కాగితంతో రుద్దకండి. ఆ దుమ్ములో సన్నని సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఎప్పుడైనా సరే తడిగుడ్డతోనే తుడవాలి. షుగరు ఉంటే చేతి మీద చిన్న గీరుడు ఉన్నరోజు గ్లోవు వేసుకోండి, లేదా ఆ రోజుకు మానండి. పని అయ్యాక కొబ్బరినూనె రాసుకోండి, మట్టి చర్మంలో తేమ అంతా లాగేస్తుంది.

ఏ మట్టి కొనాలి? మొదట్లో స్టూడియో వాళ్లు అమ్మే ఎర్రమట్టి, టెర్రకోట అంటారు, అది చాలు. సుమారు 900 నుంచి 1,100 డిగ్రీల మధ్య కాలుతుంది. కాఫీ కప్పులు, అన్నం తినే పళ్లాలు చేయాలంటే తర్వాత స్టోన్‌వేర్ అనే మట్టికి వెళ్లవచ్చు, దానికి 1,200 దాటాలి, అప్పుడే గట్టిపడి నీరు పీల్చదు. టెర్రకోట అలా కాదు. కుండలో నీళ్లు చల్లబడేది దాని సన్న రంధ్రాల్లోంచి నీరు చెమర్చి ఆవిరవడం వల్లే. కాబట్టి టెర్రకోట పూలజాడీలో నీళ్లు పోసి టేకు బల్ల మీద పెట్టకండి, మచ్చ పోదు. తినే పాత్రలకు పూసే గ్లేజు (కాలాక గాజులా మెరిసే పూత), సీసం లేనిదని అమ్మేవాళ్లు స్పష్టంగా చెబితేనే కొనండి. చెరువు మట్టి తెచ్చుకుని వాడాలని ఉంటే తప్పకుండా చేయండి, చాలా ఆనందంగా ఉంటుంది. కానీ నానబెట్టి, సన్నటి జల్లెడలో వడకట్టాకే. అందులో సున్నపు గుళికలు ఉంటే కాలినప్పుడు పొడి సున్నమవుతాయి. వారం తర్వాత గాలిలో తేమ తగిలి ఉబ్బి, బాగున్న గిన్నె మీద నాణెమంత పెచ్చు ఊడిపోతుంది.

కొలిమి, సారె మొదటి ఏడాది కొనకండి. మన దేశంలో తయారైన చిన్న ఎలక్ట్రిక్ సారెకే ఇరవై వేల చిల్లర అవుతుంది, జపాన్ నుంచి వచ్చేవి లక్ష దాటుతాయి. కొలిమికి కరెంటు లైను వేరే వేయించుకోవాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో నెలవారీ క్లాసులు చెప్పే స్టూడియోలు ఉన్నాయి, చాలాచోట్ల బయటివాళ్ల వస్తువులు కూడా డబ్బు తీసుకుని కాల్చిపెడతారు. చేరే ముందు ఒకటే అడగండి: నేర్పే మనిషి నా చేతుల మీద చేతులు వేస్తారా, లేక పక్కన కూర్చుని చూస్తారా? రెండోవాళ్ల దగ్గర చేరండి. ఇంకా లోతుగా వెళ్లాలనిపిస్తే పుదుచ్చేరి దారి ఉంది. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు, ఈ రోజు దేశంలో పేరున్న స్టూడియో కుమ్మరులు చాలామంది అక్కడ నేర్చుకున్నవాళ్లే. కర్ణాటకలో బెళగావి జిల్లా ఖానాపూర్‌లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారి కుండల శిక్షణ సంస్థ ఉంది. టెర్రకోట పని కళ్లారా చూడాలంటే తిరుపతి వెళ్లినప్పుడు పలమనేరు వైపు ఒకపూట వెళ్లి రండి.

మీ ఊళ్లో కుమ్మరి కుటుంబం ఇంకా పనిచేస్తుంటే మాత్రం నా మాట విని ముందు అక్కడికి వెళ్లండి. ఎండాకాలానికి ముందు రెండు నెలలు, దీపావళి ముందు నెల వాళ్లకు తీరిక ఉండదు, ఆ రోజుల్లో అడగొద్దు. మీకు నేర్పే గంటసేపు ఆయన సారె ఆగుతుంది, ఆ గంటలో అమ్ముకోగలిగిన కుండల ఖరీదు ఆయన పోగొట్టుకుంటారు. స్టూడియోకు కట్టే ఫీజు ఎంతో అంతా ఆయనకూ ఇవ్వండి. "కుండలు చేయడమే కదా" అని బేరమాడినవాళ్లను చూశాను, నాకు చాలా కష్టమనిపించింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. ఆ ఏడాది కష్టం ఎలాంటిదో రెండు నెలలు ముద్ద పట్టుకున్నాక మీకే తెలుస్తుంది.

పిల్లలు అన్న మాటకు: నేను మా క్లాసులో బియాట్రిస్ వుడ్ గురించి చెబుతుంటాను. అమెరికా ఆవిడ, 1893లో పుట్టింది. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ప్రసంగాలు వినడానికి హాలండ్ వెళ్లి, అక్కడ మెరుపు గ్లేజు ఉన్న పళ్లేలు కొనుక్కుంది. వాటికి జత కుదిరే టీపాట్ ఎక్కడా దొరకలేదు. తనే చేసుకుందామని 1933లో, నలభై ఏళ్ల వయసులో, సాయంత్రం క్లాసులో చేరింది. చేయి తిరగడానికి ఏళ్లు పట్టింది. 1961లో మన దేశం వచ్చి, ఆ తర్వాత చీరలే కట్టుకునేది. తొంభై దాటాక కూడా మట్టి పని చేసింది, 1998లో 105 ఏళ్ల వయసులో పోయింది. నలభైకీ అరవై ఒకటికీ తేడా ఉంది, కాదనను. మీ పిల్లలకు ఆవిడ ఫోటో ఒకటి చూపించండి.

ఇక ఎడమచేతి వాటం. అమెరికా, యూరప్ పద్ధతిలో సారె గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, జపాన్‌లో సంప్రదాయంగా గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది. ఎలక్ట్రిక్ సారెలు చాలావాటికి దిశ మార్చే స్విచ్ ఉంటుంది, చేరే చోట ఉందో లేదో చూడండి. మొదటి రోజే రెండు దిశల్లోనూ పది నిమిషాల చొప్పున కూర్చుని, ఏది హాయిగా ఉంటే అదే ఖాయం చేసుకోండి, తర్వాత మార్చకండి. నా దగ్గర ఎడమచేతివాళ్లు ముగ్గురున్నారు. ఇద్దరు గడియారం దిశలో చేస్తారు, ఒకావిడ అందరిలాగే చేస్తుంది. మీ విషయంలో ఒక లాభం కూడా ఉంది: గడియారం దిశలో చేస్తే పక్క నుంచి నెట్టే భారమంతా కుడి అరచేతి మడమ మీద పడుతుంది, నొప్పి ఉన్న బొటనవేలు పైకి ఎత్తి పెట్టుకోవచ్చు.